ముప్ఫై అంతస్తుల్లో లేని గది

ఈ వేలు చూపించే అలవాటు ఈయనకి ఎక్కణ్ణించి వచ్చిందో, పెళ్ళిచూపుల నాడు కూడా ఇలాగే చూపుడువేలు పైకెత్తి మీ ఇంటి దూలం వంగిందండీ అని మా నాన్నతో అన్నాడు, కాఫీ పట్టుకుని నిలబడ్డ నన్ను చూడకముందే దూలాన్ని చూశాడు, ఇప్పుడు అదే వేలు తను గీసిన మేడకి నమూనాగా చేసిన అట్టముక్కల మేడ మీద కిందనుంచి పైకి పాకుతోంది, దాన్ని కట్టించబోయే బొంబాయి కంపెనీ పెద్దలు నలుగురూ ఆ వేలు వెంటే తలలెత్తుతున్నారు, క్యాంపస్‌లో ఈ హాలుకి ఫ్యాన్లు ఉన్నాయి గాని గాలి లేదు, వెనక వరసలో నేను, నా పక్కన ప్రిన్సిపాలు గారి భార్య పద్మావతిగారు, మీవారు ఎంత చక్కగా చెబుతున్నారండీ అంటే అవునండీ అని నవ్వాను, నవ్వడం నాకు బాగా చేతనవును, సోమయాజులు గారి భార్య విశాలాక్షి నవ్వుమొహం మనిషి అని తార్నాకలో మా వీధంతా అంటారు.

అబద్ధమెందుకు, మేడ అందంగానే ఉంది, నా మంట కూడా అదే, బొంబాయిలో సముద్రాన్ని పూడ్చిన నేల మీద, బ్యాంకులూ ఇన్సూరెన్సు కంపెనీలూ ఒకదాని భుజమ్మీద ఒకటి పడేచోట ముప్ఫై అంతస్తులు, లిఫ్టులూ మెట్లూ గొట్టాలూ అన్నీ నడిమధ్య ఒకే కాండంలో కట్టగట్టి, చుట్టూ అడ్డుగోడ లేని హాళ్ళు, ఏ మూల గుమాస్తా తలెత్తినా సముద్రం కనపడాలిట, పడమటి ఎండకి నిలువునా సిమెంటు రెక్కలు, కింద అంతస్తు ఖాళీగా వదిలి స్తంభాల మధ్యనుంచి గాలి పోనిచ్చాడు, ఎవరో తెలియని గుమాస్తాల మీద ఇంత దయ ఉన్న మనిషి మా వంటింటికి కిటికీ పెట్టించమంటే అద్దె ఇల్లు కదే అన్నాడు, వేసంగి అంతా ఈ మేడ మా భోజనాల బల్ల మీదే కాపురం చేసింది, మేం కింద కూర్చుని తిన్నాం, అద్దాల బదులు సెల్యులాయిడ్ ముక్కలు అతికిస్తుంటే నేనూ ఓ చెయ్యి వేస్తానన్నాను, వద్దు, ఆడవాళ్ళ చెయ్యి వణుకుతుంది అన్నాడు, తల ఎత్తకుండానే అన్నాడు.

అదిగో అమృతమ్మ, గోడవారగా కాగితాలు గుండెకి ఆన్చుకుని నిలబడింది, ఈయన పాఠాలు చెప్పే ఆర్కిటెక్చరు శాఖలో టైపిస్టు, వాళ్ళ నాన్న లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు, సీతాఫల్‌మండి నుంచి పొద్దున్నే నడిచొస్తుంది, శాఖ మొత్తానికి ఆడపిల్ల ఇదొక్కతే, ఆడవాళ్ళకని అక్కడ చోటంటూ ఏదీ లేదు, అందుకని మధ్యాహ్నం ఎండలో మా ఇంటికి వచ్చేది, అమ్మా, జర దొడ్లెకు పోయొస్త అనేది, ఇంట్లోంచి రానివ్వలేదు నేను, పక్కసందులోంచి తిరిగి పెరటి తలుపు దగ్గరికి రమ్మన్నాను, అలాగే వచ్చేది, ఓరోజు ఈయన అన్నం కలుపుకుంటూ అమృతమ్మ టైపులో తప్పు వెతికినా దొరకదోయ్, ఆడదానికి అంత శ్రద్ధ ఉండటం అరుదు అన్నాడు, మర్నాడు నేను పెరటి తలుపు గడియ పెట్టి చాప మీద పడుకున్నాను, అమ్మా అంది, కాసేపాగి మళ్ళీ అమ్మా అంది, గట్టిగా కూడా పిలవలేదు, వెళ్ళిపోయింది, నాకు హాయిగా నిద్రపట్టింది.

ఆ పిల్లే మళ్ళీ ఓనాడు, తలుపు గడియ మాట ఎత్తకుండా, కొంగు వేలికి చుట్టుకుంటూ, అమ్మా, సారు మేడల మొగోళ్ళకు ప్రతి అంతస్తుల ఉన్నది, లేడీస్‌కే యాడ లేదు, రిపోర్టు టైప్ చేస్తుంటే చూసిన, గంత పెద్ద ఆఫీసుల నా అసొంటోళ్ళు ఎంతమంది ఉంటరు, పొద్దుమూకులు ఎట్ల కూసుంటరమ్మా, సారుకు చెప్పాల్నంటే నాకు సిగ్గయితది, మీరైతే చెప్పొచ్చు అంది, చెబుతాలే అన్నాను, ఈయన బజారు వెళ్ళగానే ప్లాను బొమ్మల చుట్టలు విప్పి చూశాను, నిజమే, ప్రతి అంతస్తులో లిఫ్టు పక్కన ఒకటే తలుపు, లోపల మగవాళ్ళకి వరసగా, పై అంతస్తులో చైర్మను గారికైతే సముద్రం చూస్తూ స్నానం చెయ్యడానికి తొట్టి, ఆయన ఊహలో ముప్ఫై అంతస్తుల నిండా మనుషులున్నారు, ఒక్క ఆడమనిషి లేదు.

సంతోషం వేసింది నాకు, ఏం దాచుకోను, గట్టి సంతోషం, పెళ్ళికి ముందు బెజవాడలో ఇన్సూరెన్సు ఆఫీసులో ఏడాది పనిచేశాను నేను, పొద్దుట ఇంట్లో తాగిన నీళ్ళే నీళ్ళు, మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చేదాకా గొంతు తడిపితే ఒట్టు, పొత్తికడుపు రాయిలా బిగిసేది, ఆ సంగతి ఈయనకి చెప్పబోతే ఛీ, అలాంటి మాటలేమిటి అన్నాడు, సరే, ఇప్పుడూ ఆ మాట అననులే అనుకున్నాను, బొంబాయి ఆఫీసుల్లో ఆడపిల్లలు బోలెడుమంది ఉంటారట, వాళ్ళ పెద్దలు అడక్కుండా ఉంటారా, అడుగుతారు, నిండు సభలో ఆ వేలు ఆగిపోతుంది, ఆ మొహం చూడాలి నేను, దానికోసమే ఈ పట్టుచీర, పొద్దున గుమ్మం దగ్గర అమృతమ్మ చెప్పిన్రా అమ్మా అంటే, అది ఇంకెవరి దగ్గరా నోరెత్తకుండా, ఆఁ చెప్పాను, బొమ్మల్లో మార్చేశారు, రిపోర్టు తరవాత మారుస్తార్ట అన్నాను, దాని మొహం వెలిగింది, మీ పున్నెముంటదమ్మా అంది.

ప్రశ్నలు మొదలయ్యాయి, లిఫ్టు కోసం ఎంతసేపు నిలబడాలి అన్నాడొకడు, గాలివానకి మేడ ఊగుతుందా అన్నాడింకొకడు, బట్టతలాయన లేచాడు, ఇతనే, ఇతనే అడుగుతాడు, పై తొట్టిలోకి వేణ్ణీళ్ళు ఎలా ఎక్కిస్తారు అన్నాడు, అందరూ నవ్వారు, వేలు ఆగలేదు, గొట్టాల దారి చూపిస్తూ ఇంకా హుషారుగా కదిలింది, ఒక్కడూ అడగడేం, వీళ్ళకీ అమ్మలున్నారు, వాళ్ళు ఏనాడూ లేచి పెరట్లోకి వెళ్ళలేదా, బట్టతలాయన ఈయన చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు, వానలు తగ్గగానే పునాది తీస్తామంటున్నాడు, ఇది ఇంక అట్టముక్కల మేడ కాదు, కట్టేస్తారు, లేచి చెప్పు విశాలాక్షీ, ఇప్పుడైనా చెప్పు, లేవబోయాను, ఏమని చెప్పను, ఇంతమంది మగవాళ్ళ మధ్య ఆ గదిని ఏ మాటతో పిలవను, పద్మావతిగారు నా మోచెయ్యి పట్టుకుని ఏమైనా కావాలా అండీ, మంచినీళ్ళు తెప్పించనా అంది, వద్దండీ అన్నాను, కూర్చున్నాను, నవ్వాను.

చప్పట్లు, గోడవారన అమృతమ్మ కాగితాలు చంకలో పెట్టుకుని మరీ కొడుతోంది, నా వంక చూసి తల ఊపింది, మన పని అయిందమ్మా అన్నట్టు, ఈయన కోసం తవ్విన గోతి మీంచి ఈయన దర్జాగా నడిచి వెళ్ళిపోయాడు, ఇంక అందులో పడేది నేనెప్పుడూ చూడని ఆడపిల్లలు, సముద్రం ఎదురుగా పెట్టుకుని దాహంతో టైపు కొట్టేవాళ్ళు, వీళ్ళు మానేస్తే వాళ్ళు, వాళ్ళు మానేస్తే ఇంకొకళ్ళు, సిమెంటు మేడ నూరేళ్ళు నిలుస్తుంది, ఆయనకి తెలియక ఆ గది వదిలేశాడు, నేను తెలిసి వదిలేశాను, ముప్ఫై అంతస్తులూ ఆ గది లేకుండా కడుతున్నది నేనే.