ఒక్క తొట్టి నీళ్లు

బోరింగు కొట్టి కొట్టి రెండో బకెట్టు నింపేసరికి మొగిలి కుడి భుజం పట్టేసింది. అయినా ఆగలేదు. ఆగితే నీళ్లు కిందికి జారిపోతాయి, మళ్లీ మొదటినుంచి కొట్టాలి. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పదిహేను దినాలయింది. కరెంటు లేదు కాబట్టి మోటరు లేదు. బస్సులు డిపో దాటడం లేదు. సఫాయివాళ్లు చీపురు ముట్టడం లేదు. కోరుట్ల బస్టాండు ముందర ఊరంతా పని బందు పెట్టి కూర్చుంటే, భూమన్న హోటలు వెనకాల రేకుల కింద మొగిలి ఒక్కడే ఎప్పటిలాగే సిమెంటు తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని గ్లాసులు కడుగుతున్నాడు.

అవి గాజు గ్లాసులు కావు. డిస్పోజల్ గ్లాసులు. తాగి పారేసే ప్లాస్టిక్‌వి, వేలితో నొక్కితే సొట్ట పడేంత పలచనివి. పారేసినదాన్ని కడగడమేమిటని ఎవరైనా నవ్వుతారు. నవ్వనీ. ముప్ఫై ఏళ్లు ఒకటే పని చేసి, ఒక పొద్దున లేచేసరికి ఆ పని లేకుండా పోయిన చేతులు ఎట్లా ఉంటాయో వాళ్లు చూసి ఉండరు.

మొగిలి చేతులు చూడాలి. మనిషి బక్కపలచన, యాభై ఎనిమిదేళ్లకే మెడ దగ్గర నరాలు తేలాయి. చేతులు మాత్రం ఒంటికి సంబంధం లేనట్టు లావుగా, నానిపోయి ఉంటాయి. వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా ముడతలు పడే ఉంటాయి. కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో, పాత గాజు కోతలు నాలుగో అయిదో. ఒక్కో కోత ఏ యేడు పడిందో అతను చెప్పగలడు. గ్లాసు పగిలినందుకు భూమన్న తండ్రి ఏమన్నాడో కూడా చెప్పగలడు.

కల్లు గీయడం మానేసి ఈ హోటలు పెట్టింది భూమన్న తండ్రి. ఆయన పోయాక భూమన్న చేతికొచ్చింది. ఎదురుగా దీక్షా శిబిరం పడ్డాక జనం పెరిగారు. గ్లాసు ఎప్పుడొస్తుందా అని నిలబడేవాళ్లు నిలబడి నిలబడి పక్క చాయ డబ్బాకు పోయారు. భూమన్న జగిత్యాల నుంచి డిస్పోజల్ గ్లాసులు తెచ్చాడు. గాజు గ్లాసులన్నీ గోనెసంచిలో గడ్డి వేసి కట్టి, ముస్తాబాద్‌లో కొత్తగా హోటలు పెట్టేవాడికి ఇచ్చేశాడు. ఆ సంచిని ఆటో దాకా మోసింది మొగిలే.

ఆ సాయంత్రమే భూమన్న మెల్లగా చెప్పాడు. కోపంగా చెప్పినా బాగుండేది.

"దసరా దాకా ఉండు మొగిలీ. ఆనెన్క నీకు ఈడ పనేముంటది, నువ్వే జెప్పు. కడిగేటియే లేకపాయె."

దసరా ఇంకో వారం ఉంది. ఆ వారంలో తను అక్కరకొచ్చే మనిషేనని భూమన్నకు చూపించాలి. సొంతూళ్లో మొగిలి భార్య పోచమ్మ బీడీలు చేస్తుంది. ఈ యేడు నుంచి కంపెనీ ఆకు తక్కువ ఇస్తోంది. ఈ వయసులో మొగిలికి కొత్త పని ఇచ్చేవాడెవడు?

కనుకనే ఈ కడుగుడు. రోజూ శిబిరం ముందు పడేసిన గ్లాసులు ఏరడం ఇప్పుడు అతని పని. ఎత్తకపోతే మోరీ నిండి నీళ్లు హోటల్లోకే వస్తాయి. ఏరినవాటిని కాల్చెయ్యమన్నాడు భూమన్న. మొదటిరోజు అగ్గిపుల్ల గీశాడు కూడా. కాలిన వాసనకు కళ్లు మండాయి. పగలనిది, చెడనిది, ఒక్కసారి తాగినది. దాన్ని కాల్చడానికి చెయ్యి రాలేదు. మంచివి ఏరి, సబ్బునీళ్లలో ముంచి, పీచుతో రుద్ది, రెండు నీళ్లు మార్చి, తెల్లగుడ్డ మీద బోర్లించాడు. ఆరాక ఒకదాంట్లో ఒకటి దూర్చి సంచిలో పెట్టాడు. సంచి నిండాక సేటు భూమన్న ముందు పెట్టి, "ఇగో, ఇగ కొనే పనే లేదు" అందామనుకున్నాడు. సేటు భుజం తడతాడనుకున్నాడు. చెప్పొద్దూ, ఆ మాట తలుచుకుని రెండుసార్లు తనలో తనే నవ్వుకున్నాడు.

అయిదు గ్లాసులు మాత్రం సతాయించాయి. నిన్న దీక్షలో బడి సార్లు కూర్చున్నారు. నల్లటి మార్కరుతో గ్లాసుకొక అక్షరం రాసి, అయిదుగురు వరసగా ఎత్తిపట్టి ఫొటో దిగారు. ఆ నలుపు బూడిదతో రుద్దినా పూర్తిగా పోలేదు. మొగిలికి చదువు రాదు. అది అతనికి మరక, అంతే. మరకవాటిని సంచిలో అన్నిటికంటే అడుగున పెట్టాడు.

"పెద్దబాపూ."

తమ్ముడి కొడుకు ఆనంద్ వచ్చి నిలబడ్డాడు. జగిత్యాలలో బీఈడీ చదువుతున్న పిలగాడు. మెడలో గులాబీ కండువా, చేతిలో కరపత్రాలు. పొద్దటినుంచి ఏమీ తినలేదని ముఖమే చెబుతోంది.

"ఇయ్యాల మన దళిత సంఘాల వంతు. నేను గూడ కూసుంటున్న. అయిదింటికి నిమ్మరసం ఇస్తరు, చూడనీకి రా."

"అస్త," అన్నాడు మొగిలి. తర్వాత ఉండబట్టలేక, "గీ డిస్పోజల్ అచ్చి నా పని పాయె కొడుకా," అన్నాడు.

ఆనంద్ తొట్టివైపు చూడలేదు. శిబిరం వైపే చూస్తున్నాడు. "మంచిగనే ఉన్నయి గదా పెద్దబాపూ. తాగుడు, పారేసుడు. ఎవల గ్లాసని ఎవడు అడగడు. ఒగల ఎంగిలి ఒగలు కడిగే పని లేదు."

మొగిలి చేతిలోని గ్లాసును మళ్లీ నీళ్లలో ముంచాడు. గొల్లపల్లి దగ్గర వాళ్ల ఊళ్లో, చిన్నప్పుడు, నాయిన వెంట చాయకు పోయేవాడు. వాళ్ల వాడ గ్లాసులు వేరే ఉండేవి, హోటలు బయట చూరులో దోపి. తీసుకుని, కడుక్కుని, దూరంగా పట్టుకుంటే పైనుంచి పోసేవాళ్లు. తాగి, మళ్లీ కడిగి, మళ్లీ చూరులో దోపాలి. వానాకాలం ఒకసారి నాయిన గ్లాసులో తేలు ఉంది. కుట్టలేదు, కానీ నాయిన ఆ రోజు నుంచి చాయ మానేశాడు.

కోరుట్ల వచ్చి ఈ తొట్టి ముందు కూర్చున్న మొదటి దినం మొగిలి ఒకటి గమనించాడు. ఎవరు తాగినా గ్లాసు ఇందులోకే వస్తుంది. పటేలు తాగిందీ, సాయిబు తాగిందీ, తన వాడ మనిషి తాగిందీ, అన్నీ ఒకే తొట్టిలో, ఒకే నీళ్లలో తేలి ఒకదానికొకటి తగిలి టింగుమంటాయి. పైకి తీశాక ఏది ఎవరిదో చెప్పగల మొనగాడు ఈ భూమ్మీద లేడు. ముప్ఫై ఏళ్లు అతను ఆ సంబరం ఎవరికీ చెప్పకుండా అనుభవించాడు. ఇప్పుడెట్లా చెప్పాలి?

ఆనంద్ వెళ్లిపోయాడు.

పదకొండింటికి భూమన్న బండి తీశాడు. గ్లాసులు అయిపోవస్తున్నాయి, జగిత్యాల పోయి తేవాలి. "రెండు గంటలల్ల అస్త," అని భార్య గీతకు చెప్పి పోయాడు. రెండయింది, మూడయింది. నాలుగింటికి గీత ఫోను చేస్తే తోవలో రాస్తారోకో అని, బండ్లు కదలడం లేదని చెప్పాడు. ఆ ముక్క చెప్పగానే ఫోను ఆగిపోయింది. కొత్త గ్లాసుల్లో చివరిది నాలుగుంబావుకు చాయతో బయటకు వెళ్లింది.

శిబిరంలో మైకు గరగరమంది. దీక్షలో ఉన్న పదకొండు మందికి, వాళ్ల చుట్టూ ఉన్న సంఘపోళ్లకు నిమ్మరసం భూమన్న హోటలు నుంచే పోవాలి. గీత పెద్ద గంజులో నిమ్మరసం కలిపి పెట్టింది. గంజు నిండా రసం, పోయడానికి ఒక్క గ్లాసు లేదు. పక్క డబ్బావాళ్ల దగ్గరా అయిపోయాయి.

"ఏం జేద్దాం మొగిలన్నా?" అంది గీత. ఆమె ఒక్కతే అతన్ని అన్నా అంటుంది. "దీక్షోళ్లకు నిమ్మరసం ఇయ్యలేదంటే హోటలు మీదికి అస్తరు."

మొగిలి లోపలికి పోయి సంచి తెచ్చాడు. ఆమె ఒక గ్లాసు తీసి వెలుగుకు పట్టింది. వాసన చూసింది. తళతళమంటోంది. ఎక్కడివని అడగబోయి అతని తడి చేతులు చూసింది. అర్థమైంది.

"కడిగినయే అమ్మా," అన్నాడు మొగిలి. "సేటుకు నేను జెప్పుకుంట."

మైకులో మళ్లీ పిలిచారు. గీత గరిటె అందుకుంది.

పళ్లెం వెంట పళ్లెం వెళ్లింది. సంచి ఖాళీ అవుతుంటే మొగిలికి గర్వంగానూ ఉంది, భయంగానూ ఉంది. చివరి పళ్లెం దీక్షవాళ్లకే. ముందు చుట్టూ ఉన్నవాళ్లకు పోయింది, లోపలివాళ్లకు పెద్దమనిషి చేతుల మీదుగా ఇవ్వాలని ఆపారు. చివరి పళ్లెంలోకి సంచి అడుగునున్నవి వచ్చాయి. మరకవి. మొగిలి చూశాడు. చెయ్యి చాపాడు కూడా. అప్పటికే సంఘం పిలగాడు పళ్లెం ఎత్తుకుని రోడ్డు దాటుతున్నాడు.

మొగిలి అతని వెనకే నడిచాడు.

ఆనంద్ గ్లాసు అందుకున్నాడు. ఫొటోగ్రాఫరు సిద్ధంగా ఉన్నాడు. గ్లాసు పెదాల దాకా వెళ్లి ఆగింది. ఆనంద్ దాన్ని తిప్పి చూశాడు. బూడిదతో రుద్దితే సగం చెదిరిన నల్లటి అక్షరం, 'లం'. పక్కవాడి గ్లాసు చూశాడు, 'గా'. పొద్దటి పేపరులో 'జై తెలంగాణ' అని గ్లాసులు ఎత్తిపట్టిన సార్ల ఫొటో అందరూ చూసిందే.

చుట్టూ ఉన్నవాళ్లు తమ చేతుల్లోని గ్లాసులు తిప్పి చూసుకున్నారు.

"గివ్వి నిన్న సార్లు తాగినయి," అన్నాడు ఆనంద్. గొంతు పెంచలేదు. మైకు దగ్గరే ఉండటం వల్ల అందరికీ వినబడింది. "నిన్న సార్లకు కొత్తయి. ఇయ్యాల మన వంతు అచ్చేసరికి ఎంగిలియి. తాతల నాడు చూరుల పెట్టిండ్రు గ్లాసును. ఇప్పుడు మోరిలకెల్లి ఏరి పెడుతుండ్రు."

ఇరవై ముప్ఫై మంది ఒక్కసారే లేచారు. ఎవరో నిమ్మరసం నేల మీద కుమ్మరించారు. రాస్తారోకోకు అడ్డం పెట్టిన రాళ్లు అక్కడే ఉన్నాయి. ఒకతను వంగి ఒక రాయి తీసుకున్నాడు. హోటల్లో గల్లా దగ్గర గీత కొయ్యబారి నిలబడింది. పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నా ఆమెకు తెలియలేదు.

మొగిలి ఆ రాయికీ హోటలుకూ మధ్య నిలబడ్డాడు.

"నేనే కడిగిన," అన్నాడు. "సేటు లేడు. ఆ బిడ్డకు ఎరుక లేదు. నేనే ఏరిన, నేనే కడిగిన, నేనే ఇచ్చిన."

గీతకు ఎరుక లేదన్నది అబద్ధం. ముప్ఫై ఏళ్లలో ఆ హోటలు కోసం అతను ఆడిన అబద్ధం అదొక్కటే.

"నువ్వా?" అన్నాడు ఆనంద్. ఇంకెవరైనా అయితే ఆ పిలగాడి దగ్గర మాటలుండేవి. "నువ్వెందుకు జేసినవ్ పెద్దబాపూ? మనోళ్లకే?"

"ముప్పై ఏండ్లు అందరియి ఒక్క తొట్టిలనే కడిగిన కొడుకా. పటేండ్లయి, మనయి. ఎవ్వలు ఎంగిలనలే. గాజుదైతే ఎంగిలి గాదు, గిదైతే ఎంగిలాయె? గీ ముచ్చట నాకు ఎరుక గాలే."

రాయి పట్టుకున్నతను దాన్ని ఏం చేయాలో తోచక ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

ఆనంద్ పిడికిలి బిగించాడు. గ్లాసు పటపటమని నలిగింది, రసం ముంజేతి మీదుగా కారింది. "నీకు ఎరుక గాదు," అన్నాడు. "గదే మా బాధ." నలిగిన గ్లాసును కిందకు విసిరాడు. అది మొగిలి కాళ్ల దగ్గర పడింది.

అప్పుడే భూమన్న బండి వచ్చి ఆగింది, వెనక అట్టపెట్టె కట్టి ఉంది. జనాన్ని చూశాడు, రాయిని చూశాడు, మొగిలిని చూశాడు. గీత ఏదో చెవిలో చెప్పింది. అతను పెట్టె చింపి, కొత్త గ్లాసులు తీసి, తనే రసం పోసి, రెండు చేతులతో పళ్లెం పట్టుకుని శిబిరంలోకి నడిచాడు. దండం పెట్టాడు. రాయి కింద పడింది. పదకొండు మందీ తాగారు. ఫొటో తీశారు, నినాదాలిచ్చారు. తాగిన గ్లాసులు ఎక్కడివక్కడ పడేశారు.

మొగిలి చీపురు తెచ్చి ఊడ్చాడు. గ్లాసులన్నీ ఎత్తి వెనక్కి తీసుకుపోయాడు.

కొంతసేపటికి భూమన్న తొట్టి దగ్గరికి వచ్చాడు. తిట్టడానికి వచ్చాడో ఏమో, వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"హోటలు పోతుండె ఇయ్యాల," అన్నాడు.

"అవు సేటూ."

"పోచమ్మను సూడక ఎన్ని దినాలాయె?"

"సమ్మె మొదలైనకాడికెల్లి పోలే."

"పో మల్ల. ఓసారి పోయి రా."

పోయి రా అన్నాడు. రమ్మని కాదని ఇద్దరికీ తెలుసు. భూమన్న చిన్నప్పుడు ఈ తొట్టిలో కాగితప్పడవలు వదిలేవాడు. మొగిలి గ్లాసులు పక్కకు జరిపి తోవ ఇచ్చేవాడు. ఇద్దరిలో ఎవరికి అది గుర్తొచ్చిందో, భూమన్న మాత్రం తల దించుకుని లోపలికి పోయాడు.

మొగిలి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. తొట్టి అడుగున గుడ్డ పీకి పాత నీళ్లు వదిలేశాడు. మళ్లీ బోరింగు దగ్గరికి పోయి రెండు బకెట్లు కొట్టి తెచ్చాడు. అవెందుకో గీతకు అర్థం కాలేదు. ఆమె చాయ పోసి తెచ్చేసరికి రేకుల కింద ఎవరూ లేరు. బస్సులు లేవు కనుక జగిత్యాల రోడ్డు పట్టి నడిచి ఉంటాడు.

పొద్దు గూకుతుండగా ఆనంద్ వచ్చాడు. నిమ్మరసం తప్ప ఇంకేమీ కడుపులో పడలేదు. పెద్దబాపుతో ఒక మాట మాట్లాడాలనుకున్నాడు గానీ ఏ మాటో తేల్చుకోలేకపోయాడు. గీత వెనకవైపు చెయ్యి చూపించింది.

తొట్టిలో మంచినీళ్లు కదలకుండా ఉన్నాయి. పక్కన తెల్లగుడ్డ మీద గ్లాసులు వరసగా బోర్లించి ఉన్నాయి. చివరి వరసలో చివరిది కొంచెం వంకరగా నిలబడింది. బొటనవేలితో ఎంత సాపు చేసినా ముడతల దగ్గర తెల్లటి గీతలు మిగిలాయి, సగం చెదిరిన 'లం' మీదుగా నీటిబొట్టు ఇంకా జారుతోంది.