మిల్లు దాకా

నలభయ్యో పుట్టినరోజుకి ఇంగ్లండ్ వెళ్లాలని నేను పెట్టుకున్న ఆశ మీద మా ఆయన కంపెనీ లాయరమ్మ ఒక్క ఈమెయిల్‌తో నీళ్లు చల్లింది. అమెరికా దాటితే తిరిగి రావడానికి పాస్‌పోర్ట్ మీద కొత్తగా వీసా స్టాంపింగ్ కావాలట, అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేరట, గ్రీన్‌కార్డ్ లైన్‌లో ఉన్నవాళ్లు కదలకుండా ఉంటే మంచిదట. పద్నాలుగేళ్లుగా మేం చేస్తున్నది అదే. ఇంకా ఎన్నాళ్లు కదలకుండా ఉండాలో మాత్రం ఆవిడ రాయలేదు.

నాకు లండన్ మోజేమీ లేదు. నరసరావుపేటలో మా పిన్ని వంటింట్లో చక్కెర పోసుకునే బిస్కెట్ల డబ్బా ఒకటుండేది. దాని మూత మీద ఏటి ఒడ్డున ఒక ఇంగ్లిష్ పల్లె, రాతి వంతెన, చిన్న చర్చి, గట్టు వెంట ఒక కాలిబాట. ఆ బాట డబ్బా అంచు దగ్గర ఆగిపోయేది. ఆ తర్వాత ఎటు వెళ్తుందో చూడాలన్న పిచ్చి ఏడేళ్లప్పుడే నన్ను పట్టుకుంది. అలాంటి బాట మీద ఒక పూట నడిస్తే చాలనుకున్నాను, అంతకు మించి నేను కోరిందేమీ లేదు.

నేను రెండు రోజులు నోరు విప్పకపోయేసరికి మా ఆయన తేజేశ్వర్‌కి భయం వేసినట్టుంది. మూడో రోజు ఫోన్ పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"మన మిషిగన్‌లనే ఒకటుంది రేణూ. ఇంగ్లండ్ నుంచి వచ్చినోళ్లు కట్టుకున్న ఊరంట. నది, చర్చి, పాత మిల్లు, అన్నీ ఉన్నయ్. రెండు గంటల డ్రైవ్. శనివారం పోదాం."

"ఇంగ్లండ్ అడిగితే ఇంగ్లండ్ బొమ్మ చూపిస్తావా?" అని దెప్పాను. అయినా బయల్దేరాను. అలిగి ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంట్లో కూర్చుంటే గిన్నెలు తోమడం తప్ప చేసేదేముంది?

బ్యాగ్ సర్దింది తేజేశ్వరే. మంచినీళ్ల కంటే ముందు అందులోకి ఫైల్ వెళ్తుంది. మా పాస్‌పోర్ట్‌లు, వీసా కాగితాలు, జీతం స్లిప్పులు, అన్నిటికీ రెండేసి కాపీలు. గుడిలో ప్రదక్షిణలు చేసేటప్పుడు కూడా ఆయన వీపు మీద ఆ బ్యాగ్ ఉంటుంది. మా నైనికకి పన్నెండేళ్లు, ఇక్కడే పుట్టింది, దానికి నీలం రంగు అమెరికా పాస్‌పోర్ట్ ఉంది. దాని కాపీ కూడా అందులోనే.

ఊరి పేరు ఆష్‌ఫర్డ్ మిల్స్. పాత బడిని టూరిస్ట్ ఆఫీస్‌గా మార్చారు. అక్కడ వాలంటీర్‌గా కూర్చున్న ముసలావిడ మాకు మ్యాప్ ఇచ్చి, పెన్నుతో దారి గీసి చూపించింది. ముందు చర్చి, తర్వాత రాతి వంతెన, అక్కణ్ణుంచి నది వెంట మైలున్నర నడిస్తే మిల్లు.

"ఈ బాట ఊరందరిదీ. మిల్లు కట్టినాయన రాసిచ్చి వెళ్లాడు. మధ్యలో కొన్ని ఇళ్ల పెరళ్ల వెనకాల నుంచి పోతుంది, సందేహించకుండా నడవండి," అంది.

చర్చి వెనక సమాధులు చూశాం. ఒక రాయి మీద ఇంగ్లండ్‌లో పుట్టి ఇరవయ్యారేళ్లకి ఇక్కడ పోయిన అమ్మాయి పేరుంది, పక్కనే పేరు కూడా పెట్టని పసిబిడ్డ. నైనిక దాని ముందు చాలాసేపు నిలబడింది. వంతెన దాటాక బాట నీళ్ల పక్కకి దిగింది. కింద మెత్తటి బురద, ఒడ్డున రెల్లు, పిల్లల్ని వెంటేసుకున్న బాతులు. నాకు నవ్వొచ్చేసింది. బొమ్మే కావచ్చు, బాగుంది. తేజేశ్వర్ చెయ్యి పట్టుకుని నడిచాను, మేమిద్దరం అలా నడిచి ఎన్నేళ్లయిందో.

అరమైలు వెళ్లేసరికి బాట పక్కన కొత్త కర్ర పాతి బోర్డ్ పెట్టి ఉంది. ప్రైవేట్, లోపలికి రావద్దు. తేజేశ్వర్ బ్రేక్ పడ్డట్టు ఆగిపోయాడు.

"వెనక్కి పోదాం."

"మ్యాప్‌లో బాట ఉంది."

"బోర్డ్ గూడ ఉంది కదా."

ఇంతలో పైనున్న ఇంటి మెట్లు దిగి ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి, చేతిలో కాఫీ కప్పు. ఇక్కడేం చేస్తున్నారని అడిగాడు. నేను మ్యాప్ చాపాను. దాని వైపు కన్నెత్తి చూడలేదు.

"అది పాత మ్యాప్. మీరు ఈ ఊరివాళ్లు కాదు కదా. వచ్చిన దారినే వెళ్లిపోండి."

తేజేశ్వర్ మూడు సారీలు చెప్పాడు. చెప్పి తల దించుకుని వెనక్కి తిరిగాడు. అది నాకు కొత్త కాదు. ఆఫీసులో, ఎయిర్‌పోర్ట్‌లో, పార్కింగ్ దగ్గర, పద్నాలుగేళ్లుగా చూస్తూనే ఉన్నాను. కానీ ఆ వెంటనే నైనిక స్వెట్‌షర్ట్ టోపీ నెత్తి మీదికి లాక్కుని, "సారీ," అని అచ్చం వాళ్ల నాన్నలాగే తల దించుకుని తిరిగింది. దానికి ఎవరూ చెప్పలేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నైనికా, ఆగు. ఎందుకు సారీ చెప్పావ్?"

"ఐ డోంట్ నో అమ్మా. డాడీ చెప్పాడు కదా."

"నువ్వేం తప్పు చేశావ్?"

"నథింగ్. వెళ్దాం అమ్మా, ప్లీజ్."

ఈ దేశంలో పుట్టిన పిల్ల. ఏ స్టాంపింగూ అక్కర్లేని పిల్ల. దానికి ఈ వంగడం మేమే నేర్పాం, రోజూ అన్నం పెట్టినట్టు పెట్టాం. ఇప్పుడు వెనక్కి వెళ్తే ఇది జన్మంతా ఇలాగే తిరుగుతుందని నాకు తెలిసిపోయింది. బాట పక్కన పడి ఉన్న దుంగ మీద కూర్చున్నాను.

"మీరు ఎవర్ని పిలవాలనుకుంటే వాళ్లని పిలవండి," అన్నాను ఆ ఇంటాయనతో ఇంగ్లిష్‌లో. "మేం ఇక్కడే ఉంటాం."

ఆయన నిజంగానే ఫోన్ తీశాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా రేణూ?" తేజేశ్వర్ గొంతు బాగా తగ్గించాడు. "ఒక్క కేస్ పడితే మన గ్రీన్‌కార్డ్ ఫైల్ ఏమైతది? పద్నాలుగేండ్ల సంది లైన్ల నిలబడ్డం. ఒక నడక కోసం మొత్తం పోగొట్టుకుందామా?"

బ్యాగ్ పట్టీలు రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ భయమే మమ్మల్ని ఇన్నాళ్లు ఈ గడ్డ మీద నిలబెట్టింది, అది నేను కాదనను.

"భయపడు తేజా. నేనూ భయపడుతున్నా. కానీ దాని ముందు వెనక్కి మాత్రం తిరగను," అన్నాను నైనికని చూపించి. తేజేశ్వర్ దాని వైపు చూశాడు. టోపీలోంచి దాని ముక్కు తప్ప ఏమీ కనబడటం లేదు. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఇరవై నిమిషాలకి పోలీస్ ఆఫీసర్ వచ్చాడు, కుర్రాడే. ముందు ఆ ఇంటాయన చెప్పింది విన్నాడు, తర్వాత మా వైపు తిరిగాడు. అతను నోరు తెరవకముందే తేజేశ్వర్ బ్యాగ్ జిప్ తీస్తున్నాడు. నేను దాని మీద చెయ్యి వేశాను.

"ఆయన అడగలేదు."

"అడగకముందే ఇస్తే మంచిగుంటది."

"అడిగితే ఇద్దాం. ఇప్పుడు మూసెయ్."

జిప్ మూశాడు. అది మూయడానికి ఆయనకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆఫీసర్ నా మ్యాప్ తీసుకుని చూశాడు, పక్కకి వెళ్లి ఎవరికో ఫోన్ చేసి మాట్లాడి వచ్చాడు.

"బాట ఊరిదే, నడవొచ్చు," అన్నాడు. "కానీ ఈయన చాలా కోపంగా ఉన్నారు. ఇవాళ్టికి మీరు వెనక్కి వెళ్లిపోతే అందరికీ బాగుంటుంది."

నేను గయ్యిమనబోయాను. ఈలోగా తేజేశ్వర్ లేచి నిలబడ్డాడు.

"ఆఫీసర్, ఒక్క మాట అడగొచ్చా? ఇది ఆర్డరా, రిక్వెస్టా?"

ఆఫీసర్ ఆ ఇంటాయన వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"రిక్వెస్టే."

"అయితే మేం మిల్లు దాకా వెళ్తాం సర్. థాంక్యూ."

బ్యాగ్ వీపుకి తగిలించుకుని ఆ బోర్డ్ దాటి నడిచాడు. ఆయన అంత వేగంగా నడవగలడని నాకు తెలియదు. నేనూ నైనికా పరిగెత్తినట్టే వెనక పడ్డాం.

మిల్లులో చూడటానికి ఏమీ లేదు. సగం కప్పు కూలిపోయింది, తలుపుకి తాళం. మెట్ల మీద కూర్చుని పెరుగన్నం తిన్నాం. నాకు మాత్రం ఏ కోటకీ తీసిపోనట్టు అనిపించింది. ఆనందం పట్టలేక తేజేశ్వర్ భుజం మీద ఒకటి చరిచాను.

"ఆ ఆఫీసర్ మన పేర్లయితే రాసుకోలే కద," అన్నాడు ముద్ద మింగి.

నైనిక ఫోన్‌లో మ్యాప్ చూస్తోంది. "డాడీ, వెనకాల రోడ్ ఉంది. అలా వెళ్తే కార్‌కి టెన్ మినిట్స్ అంతే. ఆ మ్యాన్ హౌస్ రాదు."

తేజేశ్వర్ నన్ను చూశాడు. నేను నోరు మూసుకున్నాను, అది నాకెంత కష్టమో ఆయనకి తెలుసు.

"నువ్వే చెప్పు బిడ్డా, ఎట్ల పోదాం?"

నైనిక వంగి బూట్ల లేసులు రెండూ విప్పి మళ్లీ గట్టిగా కట్టుకుంది. టోపీ వెనక్కి తోసేసి నది బాట వైపు నడిచింది. మేం దాని వెనకే నడిచాం.

ఆ ఇంటాయన తన మెట్ల మీద చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నైనిక సరిగ్గా ఆ ఇంటి ఎదురుగా ఆగి, తలెత్తి ఆయన్ని చూసింది.

"హాయ్," అంది.

చిన్న గొంతే, కానీ వినబడింది. ఆయన కట్టుకున్న చేతులు విప్పలేదు. బదులు కోసం ఎంతసేపు ఆగాలో అంతసేపూ ఆగి, అది ముందుకు నడిచింది.