ఇవాంజెలిన్ చేసే పనులు

అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దగ్గరి సందులో, మెట్లెక్కగానే డాక్టర్ శ్రీపతి పళ్ళ దవాఖాన. దాని లోపలి గదిలో ఇవాంజెలిన్ పన్నెండేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తోంది. ప్లాస్టరు అచ్చు మీద మైనం పరిచి ఒక్కో పన్నూ కూర్చేది. ముసలివాళ్ళ పెళ్ళినాటి ఫొటో అడిగి తెప్పించుకునేది. అప్పట్లో ముందు పళ్ళ మధ్య సందుంటే ఆ సందు కూడా పెట్టేది. మొజంజాహీ మార్కెట్లో పండ్లమ్మే బీరయ్య ఆమె ముందే కొత్త పళ్ళతో జామకాయ కొరికి చూపించి, బుట్టెడు కాయలిచ్చి పోయాడు.

డాక్టర్‌గారి లెటర్‌హెడ్ మీద ఏది రాస్తే అది జరిగేది. సెలవు కోసం సర్టిఫికెట్ అడగడానికొచ్చే నాంపల్లి గుమాస్తాలకు ఆ సంగతి తెలుసు. "రెండు రోజుల పంటినొప్పి చాలు సార్, వాపు వద్దు" అని బతిమాలేవారు. కాగితం అందగానే దవడ పట్టుకుని మెట్లు దిగేవారు.

2004లో ఇవాంజెలిన్ కెనడాకు వలస పోవడానికి అర్జీ పెట్టాలనుకుంది. బషీర్‌బాగ్‌లో వీసా కన్సల్టెంట్ వరప్రసాద్ లావుపాటి పుస్తకం తెరిచాడు.

"ఉద్యోగం పేరు కాదు మేడం, చేసే పనులు చూస్తారు. పళ్ళు తయారుచేస్తే టెక్నీషియన్, కోడు 3223. కుర్చీ పక్కన నిలబడి సామాన్లందిస్తే అసిస్టెంటు, 3411. మొదటిదైతే అర్జీ నడుస్తుంది. రెండోదైతే చూడను కూడా చూడరు. డాక్టర్‌గారితో పనులన్నీ వరసగా రాయించుకు రండి."

"రాస్తరు. నేను చేసే పనులే కదా," అంది ఇవాంజెలిన్.

డాక్టర్ అంతా విన్నాడు. "నువ్వు పోతే పళ్ళెవరు చేస్తారు?"

"ఎవరికన్న నేర్పించే పోత సార్."

"ఇక్కడేం తక్కువైంది నీకు?"

"అందరు శ్రీపతి సార్ పళ్ళు అనే అంటరు. గాడ నా పేరు మీద ఒక ల్యాబ్ పెట్టుకోవాలనుంది."

ఆయన నవ్వాడు. పెన్ను తీసి నింపాదిగా రాశాడు. పేషెంట్లను పిలుచుట. కుర్చీ తుడుచుట. సామాన్లు కడుగుట. ఉమ్మిన గిన్నె శుభ్రం చేయుట. కింద సంతకం చేసి స్టాంపు కొట్టాడు.

ఇవాంజెలిన్ కాగితం చదివింది. "సార్, పళ్ళు చేసుడు రాయలే."

"అంతేనమ్మా. ఇక పనిచూసుకో."

ఆమె లోపలి గదిలోకి పరుగెత్తింది. పొద్దున తను సగం కూర్చిన పళ్ళవరస టేబుల్ మీదుంది. దాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో తోచలేదు. ఏది పై దవడో ఏది కింది దవడో తెలియలేదు. మైనం దీపానికి చూపించాలా, నీళ్ళలో ముంచాలా? అవతల గదిలో కుర్చీ తుడవలేదన్న సంగతి మాత్రం చేతులకు గుర్తొచ్చింది.

అచ్చు పట్టుకుని తిరిగొచ్చింది. "మీ కాళ్ళు మొక్కుత సార్. టెక్నీషియన్ అని ఇంకో లెటర్ రాయుండ్రి. పని మల్ల వస్తది."

డాక్టర్ ఒక పన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. "ఏదీ, ఇదొక్కటి కూర్చు."

ఇవాంజెలిన్ ప్రయత్నించింది. మైనం వేళ్ళకంటుకుంది. పన్ను జారి కుర్చీ కిందికి దొర్లిపోయింది.

"చూశావా? రాని పని వచ్చని ఎలా రాయనమ్మా? నా లెటర్‌హెడ్ మీద ఇంతవరకు ఒక్క అబద్ధం లేదు."

ఆమె వంగి పన్ను వెతికి తీసి, కడిగి, టేబుల్ మీద పెట్టింది. తలుపు తీసి తర్వాతి పేషెంటును పేరు పెట్టి పిలిచింది. వరండా చివర కూర్చున్నవాళ్ళకు కూడా ఆ పిలుపు స్పష్టంగా వినిపించింది. ఆ పని ఆమెకు చాలా బాగా వచ్చింది.