తప్పులతో సహా ఒక డకోటా

ఏసురాజు మాస్టారి దగ్గరకి విమానాల కిట్లు పట్టుకొచ్చేవాళ్లంతా ఒకటే అడుగుతారు. అతుకు కనపడకూడదు, రంగు చెదరకూడదు, అచ్చం నిజం విమానంలా ఉండాలి. ఐటీఐలో ముప్పై రెండేళ్లు ఫిట్టర్ ట్రేడు చెప్పి రిటైరైన మనిషికి అదేమంత కష్టమైన పని కాదు. రాజమండ్రి ఆర్యాపురంలో ఆయన ఇంటి మేడగదిలో అద్దాల బీరువా నిండా ఆయన చేసిన ప్లాస్టిక్ విమానాలే. అందుకే ఆ సోమవారం పొద్దున్న వచ్చినావిడ అడిగిన మాట తనకి సరిగ్గా వినపడలేదనుకున్నాడు.

“తప్పులు కూడా ఇలాగే ఉండాలండి మాస్టారూ,” అంది ఆవిడ, ఫోను ఆయన చేతికిస్తూ.

ఆవిడ పేరు లావణ్య అట. నలభైకి ఒకటో రెండో తక్కువుంటాయి. బట్టల కొట్టు కవర్లోంచి ఒక అట్టపెట్టె తీసి బల్లమీద పెట్టింది. దాన్ని చూడగానే ఏసురాజు కళ్లజోడు సవరించుకున్నాడు. డకోటా, వెనకటి ఎయిర్‌ఫోర్స్ సరుకుల విమానం. యాభై ఏళ్లనాటి విదేశీ కిట్టు. పెట్టెమీద బొమ్మ వెలిసింది గానీ చుట్టూ ఉన్న పల్చటి కవరు ఎక్కడా చిరగలేదు. కంపెనీలో మూసింది మూసినట్టే ఉంది. ఇలాంటిది దొరికితే సేకరించేవాళ్లు గుడ్డలో చుట్టి దాచుకుంటారు తప్ప కత్తెర పెట్టరు.

“ఇది తెరిచేస్తే ఇలాంటిది మళ్లీ దొరకదమ్మా. తెలుసా మీకు?”

“తెలుసండి. బెంగుళూరులో ఒకాయన్ని బతిమాలి తెప్పించాను. తెరిచేయండి.”

ఫోనులో ఆరు ఫొటోలున్నాయి. అన్నీ ఒకే డకోటావి. చాలాకాలం కిందట ఎవరో బోలెడంత ఓపికతో, ఏమాత్రం అనుభవం లేకుండా చేసినది. ఎడమ రెక్కమీద చేత్తో వేసిన మూడు రంగుల గుండ్రం కోడిగుడ్డులా సాగింది. కుడివైపు ప్రొపెల్లర్‌లో ఒక ఆకు కురచ. తోకమీద నంబరులో చివరి అంకె కిందికి జారింది. అన్నిటికంటే విచిత్రం, కుడి రెక్క అంచున ఒక బొటనవేలి ముద్ర. జిగురు ఆరకముందే ఎవరో పట్టుకున్నట్టు ప్లాస్టిక్‌లోకి దిగిపోయింది.

“ఇది కూడా కావాలా?” అన్నాడు ఏసురాజు ముద్రని చూపించి.

“అదే ముఖ్యమండి. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఒకటే.”

“ఎవరికోసమమ్మా?”

“మా బాబాయిగారికండి. గిఫ్టు.” ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ఆయనకేసి కాక బీరువాకేసి చూసింది.

ఫొటోలు ఆయన ఫోనుకి పంపించి, ఇరవయ్యో తారీకులోపు కావాలంది. ఫోను మాత్రం చెయ్యొద్దు, మెసేజ్ పెడితే చాలంది. ఏ ఊరని అడిగితే, “వంతెన దాటి అటుపక్కేనండి,” అని లేచింది. వెళ్తూ వెళ్తూ ఆత్రేయపురం పూతరేకుల పెట్టె ఒకటి బల్లమీద వదిలింది.

ఏసురాజు భార్య రత్నకుమారి పూతరేకు విప్పుకుంటూ సంగతంతా విని, “వేలిముద్ర కావాలందా? ఎవరి పొలం రాయించుకోడానికో!” అని నవ్వింది. ఆవిడ నవ్వులాటకే అంది గానీ ఆ మాట ఏసురాజు బుర్రలో ముల్లులా దిగబడింది.

పని మొదలుపెట్టాడు. పెట్టె తెరిస్తే పాత ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. చట్రానికి అతుక్కునున్న భాగాలను ఒక్కొక్కటీ బ్లేడుతో కోసి, అంచులు ఎమెరీ కాగితంతో రుద్ది, లోపలి సీట్ల దగ్గర్నుంచి అమర్చుకుంటూ వచ్చాడు. అంతవరకూ హాయిగానే సాగింది. తప్పుల దగ్గరకొచ్చేసరికి చెయ్యి మొరాయించింది. ఇన్నేళ్లు పిల్లలు చేసిన వంకరలు దిద్దిన చెయ్యి అది. గుండ్రాన్ని కోడిగుడ్డులా వెయ్యమంటే మూడుసార్లూ గుండ్రంగానే వచ్చింది. చివరికి పెన్సిల్‌తో కోడిగుడ్డు గీసుకుని దానిలో రంగు నింపాల్సొచ్చింది.

విమానం కిందివైపు ఎలా ఉందో ఫొటోల్లో లేదు. ఒక్క ఫొటో తీసి పంపమని మెసేజ్ పెట్టాడు. సాయంత్రానికి జవాబొచ్చింది. “ఇప్పుడు తియ్యడం కుదరదండి. మావయ్యగారు టేబుల్ మీదే పెట్టుకుంటారు, కిందివైపు ఎలా ఉన్నా పర్లేదు.”

ఏసురాజు ఆ మెసేజ్ రెండుసార్లు చదివాడు. మొన్న బాబాయిగారు, ఇవాళ మావయ్యగారు. బల్లమీదే ఉండే వస్తువుకి ఫొటో తియ్యడం ఎందుకు కుదరదు? అక్కడ లేదు కాబట్టి. లేనిదాని బదులు ఇంకోటి పెట్టడానికే ఇదంతా.

ఫోనులో ఆ ఫొటోలు మళ్లీ తెరిచి ఒక్కొక్కటే పెద్దది చేసి చూశాడు. ఒకదాన్లో విమానం వెనక గోడమీద ఫ్రేము కట్టిన సర్టిఫికెట్టు సగం కనపడింది. ఎయిర్‌ఫోర్స్ ముద్ర, దాని కింద పాపారాజు అన్న పేరు. పక్కన వేలాడుతున్న క్యాలెండరు మీద తణుకు అన్న అక్షరాలు.

తణుకులో ఆయన పాత స్టూడెంట్ గణేష్‌బాబుకి మోటార్ల వైండింగ్ షాపుంది. వెంటనే ఫోను చేశాడు.

“పాపారాజుగారా? ఎందుకు తెలీదండి మాస్టారూ, మా షాపు వెనక వీధే,” అన్నాడు గణేష్‌బాబు. “ఎయిర్‌ఫోర్స్‌లో చేసొచ్చిన పెద్దాయన. కళ్లలో పొరలండి, పాపం మనుషుల్ని కూడా పోల్చుకోలేరు. పదిహేడో తారీకున ఆపరేషనంట. కొడుక్కి వైజాగ్‌లో ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. అన్నీ కోడలుగారే చూసుకుంటారు. లావణ్యగారని.”

ఏసురాజు ఫోను పెట్టేశాడు. ముసలాయనకి చూపు లేదు. చూపు వచ్చేలోపు నకిలీ తయారవ్వాలి. లెక్క కుదిరింది.

మర్నాడు పొద్దున్నే తణుకు బస్సెక్కాడు. రావులపాలెంలో అరటి గెలల లారీలు అడ్డంపడి అరగంట ఆగిపోయింది. ఆ అరగంటలో ముసలాయనతో ఏం మాట్లాడాలో పదిసార్లు అనుకున్నాడు. తీరా వెళ్లేసరికి అవేవీ అక్కర్లేకపోయాయి. ఎనభై దాటిన మనిషి వరండాలో పడక్కుర్చీలో కూర్చునున్నాడు. గేటు చప్పుడికి తలెత్తాడు.

“ఎవరండీ?”

“గణేష్‌బాబు షాపు ఎటండీ?”

“వెనక వీధి. కొంచెం కూర్చుని వెళ్లండి, ఎండగా ఉంది.” పెద్దాయన గాలి పీల్చి, “మీ దగ్గర థిన్నర్ వాసనొస్తోంది. పెయింటరా?” అన్నాడు.

“ఆ పనేనండి,” అన్నాడు ఏసురాజు ఉలిక్కిపడి.

“అయితే ఒకమాట చెప్పండి. గోడలకి రంగులేస్తున్నారు, మీ విమానం అటకమీద పెట్టాను అంది మా కోడలు. ఇరవై రోజులైంది. నాకు కళ్లు లేవు గానీ ముక్కుంది కదండీ. ఈ ఇంట్లో రంగు వాసన ఎక్కడొస్తోందో చెప్పండి.”

ఏసురాజు వెలిసిన గోడలకేసి చూశాడు.

“ప్లాస్టిక్‌దే లెండి. అస్సాంలో జోర్హాట్ క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు నేనూ మా ఆవిడ జానకీదేవీ కలిసి చేశాం. నేను డకోటాలకి ఫిట్టర్ని. జిగురు ఆరకుండా పట్టుకోకే అంటే వినకుండా రెక్క పట్టుకుంది. వేలి అచ్చు పడిపోయింది. నాలుగు రోజులు మాట్లాడలేదు నేను. ఆవిడ పోయి తొమ్మిదేళ్లు. రోజూ పొద్దున్నే ఆ అచ్చుమీద వేలు పెట్టుకుంటాను,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “అమ్మేసిందేమోనండి. పాతవాటికి ఇప్పుడు గిరాకీ ఉందటగా. కొడుకుతో అంటే నాకు మతి తప్పిందంటాడు.”

లోపల్నుంచి అడుగుల చప్పుడు వినపడింది. ఏసురాజు గబగబా లేచి గేటు దాటాడు.

బస్సులో వస్తున్నంతసేపూ ఒళ్లు మండిపోయింది. మామగారికి మిగిలిన ఒకే ఒక్క జ్ఞాపకాన్ని ఎవరికో అమ్మేసి, దాని స్థానంలో పెట్టడానికి తనచేత నకిలీ చేయిస్తోంది. పని మధ్యలో ఆపేస్తే ఇంకొకడి దగ్గరకి పోతుంది. అందుకని పూర్తిచేశాడు. ఆఖరున కుడి రెక్క అంచుకి జిగురు రాసి, మెత్తబడ్డాక, తన బొటనవేలు నొక్కిపెట్టాడు. దొంగ కాగితంమీద సంతకం పెట్టినట్టనిపించి వెంటనే వెళ్లి చేతులు కడుక్కున్నాడు.

ఇరవయ్యో తారీకు పొద్దున్నే లావణ్య వచ్చింది. బల్లమీద డకోటాని చూసి, “అబ్బ! అచ్చం అలాగే చేశారండి,” అంటూ చెయ్యి చాపింది. ఏసురాజు విమానాన్ని తనవైపు జరుపుకున్నాడు.

“అసలుది ఎక్కడుందమ్మా?”

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

“నేను తణుకు వెళ్లాను. పాపారాజుగారితో మాట్లాడాను. ఎవరికి అమ్మారో చెప్పండి. లేకపోతే ఇది ఇక్కణ్నుంచి కదలదు.”

లావణ్య మెట్లు దిగి వెళ్లిపోయింది. పారిపోయిందనుకున్నాడు. రెండు నిమిషాల్లో కారులోంచి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. అడుగున మెత్తటి గుడ్డ. దానిమీద విరిగిన డకోటా. తోక రెండు ముక్కలైంది, మధ్యభాగం నిలువునా చీలింది, ఒక ఇంజను నలిగిపోయింది. వేలిముద్ర ఉన్న రెక్క మాత్రం మొదలు దగ్గర విరిగినా ముద్ర దగ్గర చెక్కుచెదరలేదు.

“మావయ్యగారే పడేశారండి,” అంది. “మంచినీళ్లకోసం తడుముకుంటుంటే మోచెయ్యి తగిలి పడింది. దానిమీదే కాలేశారు. ఏంటమ్మా పడింది అన్నారు. గ్లాసండీ అన్నాను. అంతకు ముందు వారమే స్టవ్ దగ్గర చెయ్యి కాల్చుకుని, నేను ఎందుకూ పనికిరాను, ఆపరేషనూ వద్దు అని మంచం దిగలేదు. ఇది కూడా తన చేత్తోనే అని తెలిస్తే ఆస్పత్రికి వచ్చేవారు కాదండి.”

ఏసురాజుకి నమ్మాలనే ఉంది. కానీ ఇన్నాళ్లు పెంచుకున్న అనుమానం అంత తేలిగ్గా దిగలేదు. “పడేసింది ఆయనో మీరో నాకెలా తెలుస్తుందమ్మా?” అన్నాడు.

లావణ్య మొహం ఎర్రబడింది. “అయితే మీరూ రండి,” అంది.

కారులో డబ్బా వెనక సీట్లో ఉంది, కొత్త డకోటా ఏసురాజు ఒళ్లో ఉంది.

పాపారాజు నల్లద్దాలు పెట్టుకుని టేబుల్ ముందు కూర్చునున్నాడు. ఒక కన్ను బాగు చేశారు. లావణ్య విమానం ఆయన ముందు పెట్టి, “అటకమీంచి దింపించానండి మావయ్యగారూ. ఈయన సాయం చేశారు,” అంది. ఆయన అద్దాలు తీసి, విమానాన్ని వెలుతురుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. మొహం విప్పారింది. కోడిగుడ్డు గుండ్రాన్ని చూసి నవ్వాడు కూడా. తర్వాత కుడి రెక్క అంచుమీద బొటనవేలు పెట్టాడు. నవ్వు ఆగిపోయింది.

“ఇది మగాడి వేలు,” అన్నాడు.

విమానాన్ని ఎడమ రెక్క వైపుకి తిప్పాడు.

“ఈ గుండ్రం కూడా నేను వేసింది కాదు. నేను గుండ్రంగా వెయ్యాలని వేశాను, కుదర్లేదు. వీళ్లెవరో కావాలని వంకరగా వేశారు. తెలుస్తోంది.” ఆయన లావణ్య వైపు తిరిగాడు. “అసలుది ఎవరికిచ్చావమ్మా? ఎంతొచ్చింది?”

ఏసురాజు ఆవిడకేసి చూశాడు. ఇప్పుడైనా చెప్తుందనుకున్నాడు. ఆవిడ తలొంచుకుని, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. దొంగ అన్న మాట పడటానికే సిద్ధపడింది గానీ నోరు విప్పలేదు. అప్పుడు దిగింది ఏసురాజు అనుమానం, పూర్తిగా.

ఆయన బయటికి వెళ్లి కారులోంచి డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. “ఇది చేసింది నేనండి. మీ విమానం ఇదిగో. నీళ్లకోసం తడుముకున్నప్పుడు మీ చెయ్యే తగిలిందట.”

“మాస్టారూ!” అంది లావణ్య.

పాపారాజు ముక్కల మధ్య నుంచి రెక్క తీసుకున్నాడు. అచ్చుమీద వేలు పెట్టాడు.

“గ్లాసు పడితే దొర్లుతుందమ్మా,” అన్నాడు చివరికి. “అది దొర్లలేదు. కాలికింద పటుక్కుమంది. నాకు ఆ రోజే తెలిసింది. తెలిసి, కాదనుకున్నాను. నా చెయ్యి అనుకోవడంకన్నా నువ్వు అమ్మేశావనుకోవడమే తేలిగ్గా ఉంది నాకు.”

లావణ్య మందు వేళైందంటూ లోపలికెళ్లి చుక్కల సీసా తెచ్చి, ఆయన తల వెనక్కి వంచి, కంట్లో రెండు చుక్కలు వేసింది. ఆయన కళ్లు మూసుకునే ఆవిడ మణికట్టు పట్టుకుని కాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం ఆవిడే ఏసురాజుని బస్టాండులో దింపింది. కొత్త డకోటా ఆయన చేతిలోనే ఉంది. తన సొంత తప్పులు లేని విమానం ఇంట్లో పెట్టుకోనన్నాడు పెద్దాయన.

“నేను కూడా తప్పుగా అనుకున్నానమ్మా. ఏమీ అనుకోకండి,” అన్నాడు ఏసురాజు.

“మీరు బయటివారు కదండీ. మీరు అనుకోవడంలో తప్పేముంది?” అంది లావణ్య. స్టీరింగ్ మీంచి చేతులు తియ్యకుండా రోడ్డుకేసి చూస్తూ, “పదిహేనేళ్లుగా ఆయనకి నేను వండిపెడుతున్నానండి,” అంది.

ఏసురాజు కారు దిగాడు. రాజమండ్రి బస్సు వచ్చి ఆగినా, ఇంకో నిమిషం కారు తలుపు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.