తోడు పలకలు

లేదంటే చేతులు నిజంగానే మురికిగా ఉన్నాయేమో. మంగళవారం పొద్దున తొడుగులు మార్చుకున్నానా? మార్చుకున్నాను. డబ్బా అడుగున మిగిలిన ఆఖరి జత. ఆ మాట తనకు తనే మూడుసార్లు చెప్పుకుని, మూడోసారికి నమ్మకం కాస్త తగ్గినట్టనిపించి, ఆగ్నేతకు ఒళ్ళు మండింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా పడవలకు రంగులు వేస్తున్న మనిషి, తన చేతుల్ని తనే దొంగల్లా నిలబెట్టి ప్రశ్నించడమేమిటి?

ఎదురుగా, షెడ్డు తలుపు వైపుకు తిరిగి, పడవ ముక్కు. నీలం రంగు మీద పప్పుబద్దంత గుంటలు, మశూచి మచ్చల్లా. వేసిన రంగు అక్కడక్కడ పట్టు దొరక్క వెనక్కి జరిగిపోయి ఆరింది. పడవ వెనక సగం మాత్రం అద్దంలా మెరుస్తోంది.

పది గంటలకు ఆఫీసు గదిలో ఆమె సంతకం పెట్టాలి. రంగు వేసిన మనిషి చేతి మురికి వల్లే ఇలా జరిగిందని కాగితం రాయించాడు ప్రెబెన్. ఈ షెడ్డు యజమాని అతను, ఆమె కంటే పదేళ్ళు చిన్నవాడు. పడవ సొంతదారుకు ఆ కాగితం చూపిస్తే షెడ్డు పేరు నిలబడుతుందట. ఆమె పేరు సంగతి అతను ఎత్తలేదు. ఆ కాగితం బయటికి వెళ్ళాక స్వెన్‌బోర్గ్ రేవులో ఇంకెవరూ ఆమె చేతికి బ్రష్షు ఇవ్వరు.

"నీ మీద కోపమేం లేదు, ఆగ్నేతా," అన్నాడు నిన్న. "కెమెరా లెక్క నువ్వూ చూశావు కదా. పొద్దున శుభ్రంగానే ఉంది. ఆ తర్వాత పడవ దగ్గరికెళ్ళింది నువ్వొక్కదానివే."

ఆ కెమెరా అతను నిరుడు కొన్నాడు. తుడిచిన చోట ఒక నీటిబొట్టు పెడితే పక్కనుంచి ఫొటో తీసి, బొట్టు అంచు ఎంత కోణంలో లేచిందో చెబుతుంది. కోణం తక్కువైతే బొట్టు చదునుగా పరుచుకున్నట్టు, రంగు కూడా పట్టుకుంటుంది. ఎక్కువైతే ఆ చోటు దేన్నీ దగ్గరికి రానివ్వదు. మంగళవారం పొద్దున పడవంతా అరవై డిగ్రీలే చూపించింది, అంటే శుభ్రమే. ఆమె తండ్రికి అంకెలతో పనుండేది కాదు. నీళ్ళు పడుకుంటే పని మొదలుపెట్టు, లేచి కూర్చుంటే మళ్ళీ గుడ్డ తియ్యి, అనేవాడు.

తలుపు జరిపి ఏగన్ లోపలికి వచ్చాడు. వడ్రంగి. రై పిండి రొట్టె నములుతూ, ప్రెబెన్ తనను కూడా సాక్షిగా రమ్మన్నాడని గొణిగాడు. ఆమె అతని మాట వినడం లేదు. తలుపు వైపే చూస్తోంది.

పదకొండేళ్ళుగా పీకకోసినట్టు అరిచే తలుపు అది. ఇప్పుడు చప్పుడే లేదు.

ఎప్పటినుంచి? మంగళవారం. భోజనం చేసి వచ్చేసరికి ప్రెబెన్ స్ప్రే డబ్బా పట్టుకుని తలుపు పట్టాల దగ్గర నిలబడి ఉన్నాడు. ఇక నీకు తలనొప్పి ఉండదులే, అన్నాడు. ఆమె థాంక్స్ చెప్పింది. నవ్వి మరీ చెప్పింది. ఆ గంటలోనే బ్రష్షు ముంచింది. ఆ మధ్యాహ్నమంతా ప్రశాంతంగా ఉందనుకుంటూ, ఆ ప్రశాంతతలో పడి ఆలోచించడమే మానేసింది. గుర్తొచ్చిన కొద్దీ అతని మీద కంటే ఆ నవ్విన తన మొహం మీదే ఎక్కువ కోపం వచ్చింది.

తర్వాత చేతులు చూసుకుంది. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం పగిలి, పగుళ్ళలో రక్తం ఎండి ఉంది. ముప్పై ఒక్క చలికాలాలు క్రీము రాసుకోలేదు. క్రీములో సిలికోన్ ఉంటుంది, తలుపులకు కొట్టే స్ప్రేలోనూ అదే; ఆవగింజంత గాలిలో తేలివచ్చినా రంగు పట్టదు. షెడ్డులో సిలికోన్ వాడకూడదని గోడకు నోటీసు అంటించింది ప్రెబెనే. అతనికి తెలియదనుకోవడానికి లేదు. నువ్వొక్కదానివే అన్నప్పుడు అతని కళ్ళు ఒక్క క్షణం తలుపు వైపు వెళ్ళి వచ్చాయి.

ఆమె వంగి పడవ ముక్కు కింద చెయ్యి పెట్టింది. అరచేతంత పలక అక్కడే ఉంది. వెనక వైపు ఇంకొకటి. తండ్రి నుంచి వచ్చిన అలవాటు అది. పడవకు ఏ పూత పూస్తే పలకకూ అదే, ఏ గుడ్డతో తుడిస్తే అదే గుడ్డతో తుడిచి, రంగు వెయ్యకుండా పక్కన పెట్టేవాడు, పడవకు తోడుగా. మంగళవారం నుంచి వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

"వాటికీ ఆఫీసులో కాఫీ పోయిస్తావా?" అన్నాడు ఏగన్, ఆమె రెండు పలకలూ తీసుకుని బయల్దేరుతుంటే.

"నీకు పోసేదాకా ఆగుతాయి."

ఆఫీసు గదిలో ప్రెబెన్ కాగితం ముందుకు జరిపి, పెన్ను మూత తీసి ఇచ్చాడు. ఆమె పెన్ను తీసుకోలేదు. పలకలు రెండూ అంచులు పట్టుకుని తెచ్చి కాగితం మీదే పెట్టింది. జేబులోంచి కెమెరా దగ్గరి నీళ్ళ డ్రాపర్ తీసి వెనకవైపు పలక మీద ఒక బొట్టు వదిలింది. బొట్టు మెత్తగా చదునుగా పడుకుంది.

"ఏంటిది, ఇప్పుడా?" అన్నాడు ప్రెబెన్.

"ఇది నీ అరవై. రెండోది షెడ్డు తలుపు పక్కన ఉన్నది."

అతను తలుపు వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నాడో ఆమెకు కనిపించింది. ఏగన్ నమలడం ఆపాడు. పగిలిన వేళ్ళతో ఆమె ముక్కువైపు పలక మీద డ్రాపర్ నొక్కింది. బొట్టు లేచి కూర్చుంది.