కొమురవ్వ గట్టు మీద వకీలు బోర్డు

నేను ఒక టేకు చెక్కను. గుమ్మానికి కొట్టే పేరు బోర్డును. పైన 'చెలిమెల విఠల్‌రావు', కింద 'వకీలు'. పైవరస ఎన్నడూ మారలేదు. నా బుర్ర పాడుచేసింది కింది వరసే.

కొండంపేటలో నన్ను కొట్టిన వారానికే కొమురవ్వ వచ్చింది. ఆమెకున్నది రెండెకరాల మెట్ట చెలక. పట్వారీ దాన్ని పటేలు పేర రాసేశాడు. పటేలు ఆమెను గట్టు కూడా ఎక్కనివ్వలేదు. విఠల్‌రావు దావా వేశాడు. మనిషి మంచివాడు. అది ముందే చెప్పాలి, లేకుంటే నా గందరగోళం మీకు అర్థం కాదు.

"నేను అడిగేటోన్నే అవ్వా. ఇచ్చేటోడు జడ్జి," అనేవాడు. వాయిదా మీద వాయిదా.

తర్వాత ఆయనే జడ్జి అయ్యాడు, వేరే ఊళ్లో. నన్నూ వెంట తీసుకుపోయాడు. ఇమామ్ పెయింటరు కింది వరసకు తెల్లరంగు పూసి 'మేజిస్ట్రేటు' అని రాశాడు. కొమురవ్వ రెండు బస్సులు మారి వచ్చింది.

"ఇచ్చేటోనివి అయినవు గద సారూ, ఇయ్యి మరి."

"నీ కేసు ఆ ఊరి కోర్టుల ఉన్నది. పైగా నీ వకీలు నేనే ఉంటి. ముట్టుకుంటే తప్పైతది. చట్టమే మారాలె అవ్వా, అది అసెంబ్లీ పని."

నిజమే చెప్పాడు. అయితే అసెంబ్లీకి పోవచ్చు కదా అనుకున్నాను. పోయాడు! నౌకరీకి రాజీనామా చేసి, కొండంపేటలో నిలబడి గెలిచాడు. మళ్లీ తెల్లరంగు, మళ్లీ ఇమామ్. 'ఎమ్మెల్యే'. కొమురవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"కోర్టుల ఉన్న కేసు అసెంబ్లీల మాట్లాడొద్దవ్వా. రూలు."

"గప్పుడు గది నీ చేతుల లేదంటివి. గిప్పుడు గిది లేదంటివి. నీ చేతులు యాడున్నయి సారూ?"

జనం నవ్వారు. ఆయన తన చేతులు చూసుకున్నాడు. నేనూ చూశాను. ఉన్నాయి.

ఐదేళ్లకు ఓడాడు. 'అడ్వకేటు' అని కొత్త ఇత్తడి బోర్డు పెట్టి, నన్ను పెరట్లో కట్టెల మీద పడేశాడు. కొమురవ్వ వచ్చింది.

"మల్ల నీ వకీలునే అయిన అవ్వా. వాయిదాకు నేనే వస్త."

"నువ్వు తర్వాత రా. ముందుగాల గా చెక్క ఇయ్యి."

నన్ను చెలక గట్టున పాతి, ఆమె మక్కజొన్న వేసింది. పటేలు మనిషి నర్సిగాడు కర్రతో వచ్చి, నా ముందు ఆగి కూడబలుక్కుంటూ చదివాడు. "ఎమ్మెల్యే... ఓడిండు గద? ఏమో, మల్ల లేస్తడో ఏమో!" గట్టు దిగి పోయాడు.

వానలు పడ్డాయి. 'ఎమ్మెల్యే' రంగు పొట్టు లేచి రాలి, కింద 'మేజిస్ట్రేటు' బయటపడింది. నర్సిగాడు మళ్లీ వచ్చాడు. "ఓర్నీ! మల్ల జడ్జి అయిండారా?" ఈసారి నడవలేదు, ఉరికాడు.

కుర్చీల్లో కూర్చున్న మనిషి చేయలేని పని, పారేసిన చెక్క చేస్తోంది. ఇది న్యాయమా, బెదిరింపా? నన్నడగకండి. మీకు తెలిస్తే మీరే చెప్పండి.

'మేజిస్ట్రేటు' అంచులు కూడా లేస్తున్నాయి. దాని కింద 'వకీలు'. దాని కింద ఉత్త చెక్క. ఉత్త చెక్కకు నర్సిగాడు భయపడడు.

మక్క ఇంకా మోకాలెత్తే ఉంది. కొమురవ్వ తన చీరకొంగు చింపి నా నెత్తికి కడుతోంది. వాన మాత్రం ఆగడం లేదు.