రుత్విక ఒక్కతే చదవాలి

ఒకటో తారీఖు నుంచి పనిలోకి రమ్మని కుట్టు కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. పద్మజకు సంతోషమూ దిగులూ రెండూ ఒకేసారి పట్టుకున్నాయి. రెండేళ్ల కిందట కూతురు రుత్వికకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మానేసిన పని అది. ప్యాంటు జేబులు ఆమె కుట్టినంత సాఫుగా సిరిసిల్లలో ఇంకెవరూ కుట్టరని సూపర్‌వైజర్ నోటితోనే అనిపించుకున్న మనిషి. కానీ తొమ్మిదేళ్ల రుత్వికను ఇంకో ఏడాది దాకా పిల్లల గుంపులోకి పంపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇన్నాళ్లూ బడి అంటే ఇల్లే, టీచరంటే పద్మజే. ఇప్పుడామె పొద్దున పోయి సాయంత్రం వస్తే చదువెవరు చెప్తారు? భర్త తిరుపతి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటలు నిలబడి వస్తాడు. అత్త పోచమ్మ ఇంట్లోనే ఉంటుంది. అన్నం పెడుతుంది, మందులు మింగిస్తుంది, కానీ ఆమెకు అక్షరం ముక్క రాదు.

"ఎవ్వల్లేకుండ దానంతట అది సదివి అర్థం జేసుకునేటిది ఏదన్న దొరికితే పోత. లేకుంటే పని బంద్," అని పద్మజ ఆ రోజే ఇంట్లో చెప్పేసింది.

తిరుపతి తల గోక్కున్నాడు. "దొరకాలె మరి. నువ్వు మిషన్ మీద గూసుంటెనే నీ మొకం మంచిగుంటది," అన్నాడు. ఏడాదికోసారి బయటపడే రకం మాట అది. పద్మజ దాన్ని లోపల భద్రంగా దాచుకుంది.

చేతిలో పదిహేను రోజులున్నాయి. జాకెట్టు ముక్కకే నాలుగు దుకాణాలు తిరిగే పద్మజ పిల్ల చదువు విషయంలో ఊరుకుంటుందా? ముందు పోస్టులో ఒక లావుపాటి పుస్తకం తెప్పించింది. పేజీకో పాఠం, కింద ఖాళీలు. రెండో రోజుకల్లా రుత్విక పాఠం చదవడం మానేసి, ఖాళీ పక్కనున్న మాటను పైన వెతికి దాని తరవాతి మాటను ఎత్తి రాసేయడం మొదలుపెట్టింది. తెలివి లేక కాదు, ఉన్న తెలివంతా అటు పోయింది. ఆ పుస్తకం బియ్యం డబ్బా మీదికి చేరింది.

తరవాత తల్లీకూతుళ్లు కోరుట్ల వెళ్లారు. అక్కడ తమ్ముడు రమేశ్‌కు మొబైల్ షాపు ఉంది. వేములవాడలో బస్సు మారి, కథలాపూర్ మీదుగా కోరుట్లలో దిగేసరికి రమేశ్ కౌంటర్ మీద ట్యాబ్ సిద్ధంగా పెట్టాడు.

"కథ వస్తది, సదువుతది. ఎన్క ప్రశ్న, నాలుగు జవాబులు. కరెక్టుది నొక్కితే చుక్క పడ్తది. టీచర్‌తోని పనే లేదక్కా," అన్నాడు.

పద్మజ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. రుత్విక కథను పైకి గడగడా చదివింది. ప్రశ్ననూ జవాబులనూ కూడా పైకి చదివి, తలెత్తి ఒక్క క్షణం ఆలోచించి జవాబు నొక్కింది. చుక్క. మళ్లీ నొక్కింది, మళ్లీ చుక్క. పదికి పది.

పద్మజ మొహం వెలిగిపోయింది. అక్కడికక్కడే తీసేసుకునేదే, రమేశే ఆపాడు. "జగిత్యాలల మా నారాయణ సార్ ఉన్నడు. రిటైర్ అయినంక పిల్లల కోసం కార్డుల పెట్టె తయారుజేసిండు. గాయిన ఒకసారి పిల్లను జూస్తె నాకు గూడ ధైర్యముంటది."

అటు నుంచే జగిత్యాల వెళ్లారు. నారాయణ సార్ పెట్టెలో రంగురంగుల కార్డులు, ఒక్కో రంగుకు ఒక్కో స్థాయి చొప్పున, వరసగా నిలబెట్టి ఉన్నాయి. ముందువైపు చిన్న కథ, వెనక ఏడు ప్రశ్నలు. జవాబులు వేరే కవరులో ఉంటాయి, తప్పొప్పులు పిల్లలే చూసుకోవాలి. సార్ రుత్విక వయసుకు తగిన ఆకుపచ్చ కార్డు ఇచ్చి కథనూ ప్రశ్నలనూ పైకి చదవమన్నాడు. పద్మజ ఎదురుగా కూర్చుంది. ఏడుకు ఏడూ ఒప్పే.

సార్ భేష్ అనలేదు. అసలాయన పిల్లను చూడనే లేదు, అంతసేపూ పద్మజనే చూశాడు. "అమ్మా, లోపలికి వోయి మా ఇంటామెకు ఛాయ్ వెట్టుమని జెప్పి, జెర తోడుండు," అని పంపించాడు. రుత్విక చేతికి ఇంకో ఆకుపచ్చ కార్డు ఇచ్చాడు.

పద్మజ ఛాయ్ గ్లాసులతో తిరిగొచ్చేసరికి రుత్విక తల వంచుకుని కూర్చుని ఉంది. ఏడింట్లో రెండే ఒప్పు.

"కొత్త జాగ గదా సార్, బుగులువడ్డది," అంది పద్మజ.

"మీది సాంచెల గల్లీయేనా అమ్మా?"

"అవు సార్. ఇల్లు, సాంచెల షెడ్డు ఒకటే గోడ."

"గదే మరి. నువ్వు గొంతు తీయవు, పెదవులు మాత్రం జవాబు జెప్తనే ఉంటయి. పిల్ల నీ మొకం జూసి జెప్తున్నది."

ఆ గల్లీ మనుషుల సంగతే అంత. సాంచెలు నడుస్తుంటే చెవిలో అరిచినా వినపడదు. అందుకని ఈ చివర నుంచి ఆ చివరకు 'తిన్నవా', 'దారం తెగింది చూడు' అని పెదవులతోనే మాట్లాడుకుంటారు. అక్కడ పుట్టిన పిల్లలకు అఆలకంటే ముందే ఆ విద్య వస్తుంది. పద్మజ పెదవులకు అదెంత అలవాటంటే, మనసులో జవాబు మెదిలితే చాలు, అవి కదులుతాయి. రెండేళ్లుగా అదే జరిగిందన్నమాట!

పద్మజకు తల కొట్టేసినట్టయింది. "గట్లెందుకు జేసినవే?" అని గదమాయించింది.

రుత్విక కళ్లు పెద్దవి చేసింది. "నువ్వు జెప్తున్నవనుకున్నమ్మా. సదువుడంటె గట్లనే గదా?"

ఆ మాటతో పద్మజ కోపం పోయింది. పిల్ల మోసం చేయలేదు, చదువంటే అదే అనుకుంది.

సార్ ఒక్కో రంగూ కిందికి దిగుతూ పోయాడు. నీలం దగ్గరా రుత్విక తడబడింది. పసుపు కార్డు దగ్గర, తల్లి గది బయట ఉండగా, ఏడింట్లో ఆరు చెప్పింది. "గీడ మొదలువెట్టాలె," అన్నాడు సార్.

"ఇవి రెండో తరగతి పిల్లలయి గదా సార్," అంది పద్మజ.

"కార్డు మీద తరగతి రాసి లేదమ్మా. ట్యాబు గూడ మంచిదే. కాని దేంతోనైన సరే, ఒక్కతే సదవాలె, తప్పయితే తనే దొరకవట్టాలె. నువ్వు ఎదురుంగ గూసోకు, గంతే. పెట్టె తీస్కపో, పనైనంక తెచ్చియ్యి."

బస్సులో పద్మజ మనసు మళ్లీ ట్యాబు మీదికే పోయింది. ట్యాబు తీసుకుంటే నలుగురికీ చూపించుకోవడానికి చుక్కలన్నా ఉంటాయి. ఈ పసుపు కార్డులు చూస్తే గల్లీలో ఏమనుకుంటారు? అనుకుంటే అనుకోనీ, అని వేములవాడ దాటాక పెట్టెను ఒళ్లోకి లాక్కుంది.

ఇంటి దగ్గర మొదటి మూడు రోజులు నరకమే. పద్మజ గోడవైపు తిరిగి సాంచెలకు దారం కండెలు చుట్టేది. వెనక నుంచి "అమ్మా, ఒక్కసారి ఇటు జూడు" అని పిల్ల బతిమాలేది. పద్మజ పళ్ల బిగువున కూర్చునేది, కళ్లు మాత్రం నిండేవి. నాలుగో రోజు పిలుపులు తగ్గాయి. వారం తిరిగేసరికి కవరు తీసి, తప్పు చూసుకుని, మళ్లీ కథలోకి వెళ్లి వెతుక్కుంటున్న చప్పుడు మాత్రమే వినిపించింది. అర్థమవుతోందో, ఉత్తగా వెతుకుతోందో ఎలా తెలియాలి? అడిగే ధైర్యం చాలలేదు.

ఒకటో తారీఖున పనికి వెళ్లింది. జేబులు కుడుతున్నా ధ్యాసంతా ఇంటి మీదే. సాయంత్రం గల్లీ మలుపు తిరిగిందో లేదో పోచమ్మ గడపలోనే అందుకుంది.

"పద్మా, పిల్లకు గాలి గిట్ల సోకిందా ఏంది? పగటీలి ఒక్కతే గూసోని ఒకటే కిలకిల నవ్వుడు. ఎందుకే అంటె జెప్పది. నాకైతె బుగులు వుట్టింది."

పద్మజ అక్కడే ఆగిపోయింది. ఇంట్లో ఎవరూ చెప్పకుండా, ఎవరి మొహమూ చూడకుండా, నవ్వొచ్చే చోట నవ్వింది పిల్ల. ఒళ్లంతా తేలికైపోయింది.

"ఏం గాలి లేదత్తా," అని గబగబా లోపలికి వెళ్లింది. రుత్విక పసుపు కార్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఏముందే గా కార్డుల, గంత నవ్వినవట?"

"మేక కథ. జెప్ప. నువ్వే సదువుకో, జెప్తె మజా పోతది."

పద్మజ టిఫిన్ డబ్బా పక్కన పెట్టి కింద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. సగానికి వచ్చాక ఆగలేక, నవ్వు ఎక్కడొస్తుందోనని తలెత్తి కూతురి వైపు చూసింది.

"నన్ను జూడకు," అంది రుత్విక. "కార్డు జూడు."